ఎరుపూ ఆకుపచ్చా ఒకటైపోయిన రోజులు

ఒంట్లో ఏదో తేడా ఉందని మొదట తెలిసింది మెట్ల మీద. తొంభైల చివరి సంవత్సరాలు. గాజువాకలో కొత్తగా కడుతున్న అపార్ట్‌మెంటుకి వైరింగ్ చేస్తున్నాం. పీవీసీ పైపుల కట్ట భుజాన వేసుకుని మూడో అంతస్తుకి ఎక్కుతుంటే సగంలో కాళ్ళు ఆగిపోయాయి. కట్ట దించి కూర్చుండిపోయాను. అప్పటికి కొన్ని వారాలుగా దగ్గుతున్నాను. గోడలకి గాడి కొట్టేటప్పుడు రేగే సిమెంటు దుమ్ము వల్లే అనుకున్నాను. మా పనిలో దగ్గనివాడు ఎవడు?

వెనకాల వస్తున్న సత్తిబాబు వైరు చుట్టలు కింద పెట్టేశాడు. అతను నా భార్య రత్నానికి అన్న, పనిలో నాకు జోడీ.

"ఏటి బావా, అలగ కూకుండిపోనావు?"

"ఆయాసంరా."

నా చేతిలో రుమాలు లాక్కుని చూశాడు. దాని మీద ఎర్రటి చార. "పద ఆస్పత్రికి" అన్నాడు. పైపులు మెట్ల మీదే వదిలేశాం.

కఫానికి స్ప్యూటమ్ టెస్టు, ఛాతీకి ఎక్స్‌రే. డాక్టరుగారు ఎక్స్‌రేని వెలుతురుకి పెట్టి చూశారు. "పల్మనరీ టీబీ. భయపడకు, నయమవుతుంది. కానీ బాగుంది కదా అని మధ్యలో మానేస్తే మళ్ళీ మొదటికొస్తావు" అన్నారు. రిఫాంపిసిన్, ఐఎన్‌హెచ్, పైరజినమైడ్, ఎతాంబుటాల్. నాలుగు మందుల పేర్లూ రత్నం నాకంటే ముందు నేర్చుకుంది.

కంచం, గ్లాసు వేరు చెయ్యమని చుట్టుపక్కలవాళ్ళు చెప్పారు. రత్నం నేరుగా డాక్టరుగారినే అడిగింది. "కంచం వేరు చెయ్యక్కర్లేదమ్మా. దగ్గేటప్పుడు నోటికి గుడ్డ అడ్డం పెట్టుకోమను, గాలి ఆడేచోట పడుకోమను" అన్నారాయన. ఇంటికొచ్చి నా మంచం కిటికీ కిందకి లాగేసింది. పొద్దున్నే మాత్రలు మింగించి, "నోరు తెరు బావా" అని చూసి గానీ టీ ఇచ్చేది కాదు.

అనుకున్నంత సులువుగా తగ్గలేదు. రెండు నెలల తర్వాత చేసిన టెస్టులోనూ కఫంలో క్రిములు కనబడ్డాయి. ఆ రోజు ఆస్పత్రి బెంచీ మీద కూర్చుని ఏడ్చాను. రత్నం పక్కనే కూర్చుంది. కాసేపటికి, "ఏడుపయ్యిందా? పద, బస్సొచ్చీ వేళయ్యింది" అంది. నాలుగు మందులూ పొడిగించారు. తర్వాతి టెస్టు నెగెటివ్ వచ్చింది. దుమ్ములోకి వెళ్ళకుండా తేలిక పని చేసుకోవచ్చన్నారు. జాగ్రత్త కోసం మిగతా మందులతో పాటు ఎతాంబుటాల్ కూడా ఇంకొన్నాళ్ళు వేసుకోమన్నారు.

పనిలోకి తిరిగి వెళ్ళిన ఆనందంలో కళ్ళు మసకగా ఉన్న సంగతి పట్టించుకోలేదు. నీరసమేమో అనుకున్నాను. ఒక మధ్యాహ్నం ఒక ఫ్లాటులో మెయిన్ బోర్డుకి కనెక్షన్లు ఇచ్చాను. స్క్రూలు బిగించడానికి వచ్చిన సత్తిబాబు చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"బావా, ఇదేటి? ఎర్ర వైరు తీసుకెళ్ళి ఎర్త్‌లో ఎట్టీసావేటి?"

"ఎరుపెక్కడుందిరా? అది ఆకుపచ్చే కదా?"

మా పనిలో ఎరుపు అంటే ఫేజు, కరెంటు వచ్చే వైరు. నలుపు న్యూట్రలు. ఆకుపచ్చ ఎర్త్, మనిషి ప్రాణం కాపాడే వైరు. ఎరుపు, ఆకుపచ్చ తారుమారైతే ఫ్రిజ్జు ఒంటికే కరెంటు వస్తుంది. తలుపు తీయబోయిన ఇల్లాలి చెయ్యి దానికి అతుక్కుపోతుంది. రెండు వైర్లూ కళ్ళ దగ్గర పెట్టుకుని చూశాను. రెండూ ఒకేలా, మట్టిరంగులో ఉన్నాయి. మెయిన్ సప్లై ఇంకా ఇవ్వలేదు కాబట్టి సరిపోయింది. సత్తిబాబు నా చేతిలోంచి స్క్రూడ్రైవర్ మెల్లగా తీసుకున్నాడు. రక్తం పడ్డ రోజున కూడా నాకంత భయం వేయలేదు.

కంటి విభాగంలో రంగు చుక్కల పుస్తకం తెరిచి అంకెలు చదవమన్నారు. నాకు చుక్కలే గానీ అంకెలు కనబడలేదు. "ఆప్టిక్ న్యూరైటిస్, అంటే కంటి నరం దెబ్బతింది. ఎతాంబుటాల్ వల్ల కొందరికి ఇలా అవుతుంది. అది ఈ రోజే ఆపెయ్. మిగతా మందులు మాత్రం ఆపకూడదు" అన్నారు కంటి డాక్టరుగారు.

"సూపు మళ్ళీ వత్తాదాండీ?" అని అడిగింది రత్నం.

"చాలామందికి వస్తుంది. ఎప్పటికని మాత్రం చెప్పలేను."

ఇక నా చేతికి పనేముంటుందనుకున్నాను. సత్తిబాబు ఒప్పుకోలేదు. "సిమెంటు పొయ్యక ముందు స్లాబు మీద పైపులు పరవడానికి రంగులెందుకు బావా? నీయంత సక్కగా వంపు తిప్పీవోడు ఎవడున్నాడు?" అన్నాడు. నిజమే. ఇనుప చువ్వల మధ్య పైపు పరిచి, ఫ్యాను బాక్సులు బిగించి, సిమెంటు పాలు దూరకుండా పైపు మూతులకి కాగితం కుక్కడం కళ్ళు మూసుకునైనా చెయ్యగలను.

చిక్కంతా వైరు లాగేటప్పుడే. పైపులో వైరు లాగే స్ప్రింగు తోసి, ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు ఉండాలి. నా చివర రంగులు చెప్పే మనిషి లేదు. ఒకరోజు అన్నం క్యారేజీ తెచ్చిన రత్నాన్ని సత్తిబాబు నా పక్కన కూర్చోబెట్టాడు.

"ముట్టుకుంటే కొడతాదా?" అని చేతులు వెనక్కి పెట్టుకుంది.

"కరెంటే లేదు. ఒట్టి రాగి" అన్నాను.

వైర్లు ఒక్కొక్కటే బయటికొచ్చాయి. "ఇది ఎరుపు. ఇది నలుపు. ఇది పచ్చ" అంది.

అవతలి గదిలోంచి సత్తిబాబు అరిచాడు. "ఏ పచ్చే? పసుపుపచ్చా, ఆకుపచ్చా? రెండూ ఉన్నాయి. పసుపుపచ్చ కూడా ఎరుపులాగే ఫేజు, ఆకుపచ్చ ఎర్తు!"

"పచ్చంటే పచ్చే! నన్నడిగితే నాకేటి తెలుసు?" అని కసిరి, మళ్ళీ వంగి చూసింది. "అరిటాకు రంగు, అన్నయ్యా!"

మేమిద్దరం పగలబడి నవ్వాం. ఆమెకి కోపమొచ్చింది. కానీ మర్నాటి నుంచి ఎరుపు మిరపపండు, నలుపు కాకి, ఆకుపచ్చ అరిటాకు అయ్యాయి. క్యారేజీ తెచ్చిన రోజల్లా పని అయ్యేదాకా ఉండేది. చివర్లో సత్తిబాబు టెస్ట్ ల్యాంపు పెట్టి ప్రతి పాయింటూ చూసేవాడు. నా మీద అనుమానమని కాదు, ఆ ఇంట్లో దిగబోయేవాళ్ళ కోసం.

నెలలు గడిచాయి. టీబీ మందుల కోర్సు పూర్తయింది. ఒక సాయంత్రం రత్నం, నేను దువ్వాడ స్టేషన్‌లో నిలబడి ఉన్నాం. గూడ్సు కదులుతుంటే గార్డు జెండా ఊపాడు. "రత్నం, అది ఆకుపచ్చే కదూ?" అన్నాను. ఆమె జెండా వైపు చూడలేదు, నా వైపు చూసింది. ఇల్లు చేరేదాకా బోర్డులు, గోడలు, పూలబుట్టలు చూపించి, "ఇదేటి? మరి అదేటి?" అని అడుగుతూనే ఉంది. కొన్ని తప్పు చెప్పాను. చాలావరకు సరిగ్గానే చెప్పాను.

సత్తిబాబు తెగిన వైరు ముక్కలు కలిపి పోసి, విడదీయమన్నాడు. విడదీశాను. అయినా, "డాట్టరుగారు సెప్పీదాకా బోర్డు ముట్టుకోనీను" అన్నాడు. ఇంకొన్నాళ్ళకి చుక్కల పుస్తకంలో అంకెలు చదివాను. "ఇక చేసుకోవచ్చు" అన్నారు కంటి డాక్టరుగారు.

ఇప్పుడు గోపాలపట్నం వైపు ఇళ్ళకి పని చేస్తున్నాం. మెట్లు నెమ్మదిగా ఎక్కుతాను. సత్తిబాబు ఇప్పటికీ నా కనెక్షన్లు టెస్టు చేస్తాడు, నేను అతనివి చేస్తాను.

ఇది చదివేవాళ్ళలో టీబీ మందులు వాడుతున్నవారు ఉంటే, చూపులో గానీ రంగుల్లో గానీ తేడా వస్తే ఆ రోజే డాక్టరుకి చూపించుకోండి. మీ అంతట మీరు మందులు ఆపకండి. చికిత్స మొదలైనప్పుడే, మీరు ఏ పని చేసి బతుకుతున్నారో డాక్టరుకి చెప్పండి. నన్నెవరూ అడగలేదు, నా పని రంగుల మీదే నడుస్తుందని చెప్పాలని నాకూ తోచలేదు. మొన్న పంటినొప్పికి వెళ్ళి కుర్చీలో కూర్చోగానే, "నేను ఎలక్ట్రీషియన్నండీ" అన్నాను. పళ్ళ డాక్టరు నవ్వాడు. నవ్వితే నవ్వనివ్వండి, మీరు మాత్రం చెప్పండి.