అంజమ్మ చేనులో ఖాళీ కందకం

అది 2022 వేసవి. శంషాబాద్ దాటి కొత్తూరు వైపు ఫ్యాక్టరీలకు నేచురల్ గ్యాస్ తీసుకెళ్ళే స్టీల్ పైప్‌లైన్ పని నడుస్తోంది. నేను ఆ కంపెనీలో ఆర్‌ఓయూ ఇంజనీరును. ఆర్‌ఓయూ అంటే రైట్ ఆఫ్ యూజర్. భూమి రైతుదే, పట్టా రైతు పేరనే ఉంటుంది. నేల కింద పైపు వేసుకునే హక్కు మాత్రం కంపెనీది. పైపు పోయే ఆ పట్టీ మీద రైతు పంట వేసుకోవచ్చు గానీ ఇల్లు కట్టకూడదు, బోరు వేయకూడదు. ఈ సంగతి రైతుకు అర్థమయ్యేలా చెప్పడం, పని అయ్యాక చేనును ఉన్నది ఉన్నట్టు అప్పజెప్పడం నా ఉద్యోగం. చాలా ఏళ్లుగా ఇదే చేస్తున్నాను, బాగా చేస్తానని పేరు కూడా ఉంది. ఆ పేరు చూసుకుని కొంచెం మురిసిపోయే మనిషిని కావడం వల్లే ఆ ఏడాది తప్పు చేశాను.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. పైపులు చేను పక్కకు చేరాకే ట్రెంచ్, అంటే పైపు దించే కందకం, తవ్వాలి. కానీ అప్పుడు ఫ్యాక్టరీల వాళ్ళు కనెక్షన్ ఎప్పుడిస్తారని వెంటపడుతున్నారు. వానలు పడేలోపు పొలాలు దాటేయాలని నాకు ఒకటే తొందర. పైపులు దారిలో ఉన్నాయి కదా అని ముందే మిషన్ దింపాను. అంజమ్మ ఎకరం చేను నడుమ నుంచి, ఛాతీ లోతున, ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా తవ్వించేశాను.

అంజమ్మకు యాభై దాటాయి. పాలకూర, తోటకూర పండించి రోజూ పొద్దున్నే శంషాబాద్ మార్కెట్‌కు తీసుకెళ్ళేది. ఆమెకున్నది ఆ ఎకరమే. అది అసలు రాళ్ళు కలిసిన ఒట్టి మొరం నేల. ఆమె, ఆమె భర్త కలిసి ఏటా ఎండాకాలం చెరువులో పూడిక మట్టి తవ్వుకుని, ట్రాక్టర్లలో తెచ్చి పరిచి, జానెడు మందాన నల్లమట్టి పొర చేసుకున్నారు. భర్త పోయాక ఆ మట్టే ఆమెకు ఆధారం.

తవ్వే ముందు ఆమె ఒక్కటే అడిగింది.

“మట్టి కలపొద్దు సారూ. నల్లది ఓ దిక్కు, మొరం ఓ దిక్కు పొయ్యిర్రి. చెరువు కాడికి ఇగ బండ్లు పోనిస్తలేరు. గా మట్టి పోతే మళ్ల నాకు యాడికెల్లి వస్తది?”

“రెండు కుప్పలు పెట్టిస్త అక్కా. పదిహేను రోజుల్ల పూడ్చి ఇస్తం,” అన్నాను.

కుప్పలైతే మాట ప్రకారమే వేయించాను. కానీ అంతలో గ్యాస్ ధర ఎగబాకింది. విదేశాల్లో షేల్ అనే రాతిపొరలను పగలగొట్టి గ్యాస్ తీసే చోట్ల ధర పెరిగితే డ్రిల్లింగ్ రిగ్గులు రైతుల భూముల్లోకి పరుగెత్తుకొస్తాయి. మేమున్నది కొనుక్కునే వైపు. ఇక్కడ ధర పెరిగితే మిషన్లు వెనక్కి పోతాయి. ఫ్యాక్టరీలు మాకు ఫర్నేస్ ఆయిలే చాలన్నాయి. కంపెనీ పైపుల ఆర్డరు ఆపేసింది. కాంట్రాక్టరుకు డీమొబిలైజ్ చేయమని, అంటే మనుషులతో మిషన్లతో సైటు ఖాళీ చేయమని కబురొచ్చింది.

“ధర దిగాక మళ్ళీ తవ్వాల్సిందే కదా, ట్రెంచ్ అలాగే ఉంచండి. చుట్టూ కంచె కట్టించండి చాలు,” అన్నారు మా మేనేజరు ఫోన్‌లో. ఆఫీసులో కూర్చుంటే ఆ మాట సబబుగానే ఉంటుంది. చేనులో మాత్రం తొలకరికి వారమే మిగిలింది. ఒక్క పెద్ద వాన పడితే నల్లమట్టి కుప్ప మొత్తం కందకంలోకి జారిపోతుంది.

అంజమ్మ గట్టు మీద నిలబడి నన్ను కడిగేసింది.

“ఏందిది సారూ? గ్యాస్ పిరమైతే నా చేను ఏం పాపం జేసింది? పదిహేను రోజులంటివి, నెల దాటిపాయె. ఇంక నేను ఇత్తనం యాడ సల్లాలె, నీ గుంతలనా?”

నాకు తల కొట్టేసినట్టయింది. పైపు రాకముందే తవ్వించింది నేనే. ధర మీదికి నెట్టేసి తప్పించుకోవడం నాకు చేతకాలేదు.

మిషన్లు సైటు దాటాలంటే నా సంతకం కావాలి. నా సంతకం పడాలంటే, తవ్విన ప్రతి చేనుకూ రెస్టోరేషన్ సర్టిఫికెట్ ఉండాలి. నా భూమి మునుపటిలాగే నాకు ముట్టిందని రైతు రాసిచ్చే కాగితమది. నేను దాన్నే పట్టుకుని కూర్చున్నాను. కాంట్రాక్టరు సూపర్‌వైజర్ ప్రసాద్ గారు లబోదిబోమన్నారు.

“పైపే లేని ట్రెంచికి రెస్టోరేషన్ ఏంటండీ? మా మిషన్లు రేపు ఇంకో సైటుకి వెళ్ళాలండీ.”

“పైపు ఉందా లేదా అని ఈ కాగితం అడగడం లేదు ప్రసాద్ గారూ. తవ్వారా లేదా అని అడుగుతోంది. అంజమ్మ సంతకం పడ్డాకే నాది.”

ముందుగా తవ్వించిన తప్పు నాదేనని, దాన్ని పూడ్పిస్తున్నానని మేనేజరుకు మెయిల్ రాశాను. ఆయన ఫోన్ చేసి, “సరే, మీరే చూసుకోండి,” అన్నారు.

మర్నాడు సాయంత్రానికి కందకం పూడింది. చూడ్డానికి చేను చదునుగా, నల్లగా ఉంది. నేను కాగితం తీశాను. అంజమ్మ దాని వంక కూడా చూడకుండా గడ్డపార తెచ్చి పూడ్చిన చోటల్లా దించుతూ నడిచింది. నల్లమట్టిలోకి గడ్డపార మెత్తగా దిగుతోంది. చేను నడుమకు రాగానే ఠంగుమంది. అక్కడ ఆపరేటర్ తొందరలో మొరం పైకి వేసి, దాని మీద పల్చగా నల్లమట్టి చల్లాడు.

“గిదేంది తమ్మీ?” అంది. సారూ అనడం మానేసింది.

ప్రసాద్ గారి ముఖం చూడకుండానే మిషన్ మళ్ళీ స్టార్ట్ చేయించాను. ఆ భాగమంతా తిరిగి తీయించి, పై జానెడూ కూలీల చేత పారలతో వేయించాను. మరుసటి పొద్దున అంజమ్మ ఈసారి ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా గడ్డపార దించింది. ఎక్కడా చప్పుడు కాలేదు. అప్పుడు సంతకం పెట్టింది. నాలుగు రోజులకు వాన కొట్టింది. ఆ నెలాఖరుకు ఆ చేనులో కందకం ఎక్కడుండేదో నేనే కనిపెట్టలేకపోయాను. ఎన్నో కిలోమీటర్ల లైను వేయించాను గానీ, పైపే లేని ఆ ఎకరం చూసినప్పుడు పడినంత గర్వం నాకు ఏ లైనూ ఇవ్వలేదు.

మరుసటి ఏడాది ధర దిగింది, ఫ్యాక్టరీలు మళ్ళీ గ్యాస్ అడిగాయి. ఈసారి అంజమ్మ పంట కోసుకునేదాకా ఆగి, ముందు పైపులు తెప్పించి గట్టు మీద వరసగా పేర్పించాను. ఆమె నమ్మకం కుదరనట్టు గడ్డపార పట్టుకుని వచ్చింది. పైపును తట్టి చూడబోయింది. దాని మీద తుప్పు పట్టకుండా కోటింగ్ ఉంటుంది, చిన్న గీత పడినా పైపు పాడే.

“అక్కా, జర ఆగు! దెబ్బ తగుల్తది దానికి!” అని అరిచాను.

ఆమె గడ్డపార దించి నా వైపు చూసింది.

“నీ పైపుకు గీత పడుతదంటేనే గింత పరేషానైతున్నవు. నా మట్టికి నేనెంత పరేషాన్ కావాలె తమ్మీ?”

అని పక్కకు జరిగి, మిషన్‌కు దారి ఇచ్చింది.

పైపు కళ్ళ ముందు లేకుండా ఆ తర్వాత ఏ చేనులోనూ మిషన్ దింపలేదు. నా దగ్గరకు పని నేర్చుకోవడానికి వచ్చే ఇంజనీర్లకు ఇప్పుడు మొదటి రోజు డ్రాయింగ్ ఇవ్వను. గడ్డపార ఇచ్చి, పూడ్చిన చేను మీద ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా నడిపిస్తాను.