రాబందుల గుట్ట కింద మా బాపు

నా చిన్నప్పుడు మాది ఆదిలాబాద్ అడవి అంచున చిన్న ఊరు. ఊరి వెనక నిట్టనిలువు రాతిగుట్ట ఉండేది. దాని అరుగుల మీద రాబందులు గూళ్లు పెట్టేవి. ఊళ్లో పశువు చస్తే అవే దిగి వచ్చి, సాయంత్రానికి బొక్కలు తప్ప ఏమీ మిగల్చకపోయేవి.

మోదుగులు పూసిన రోజుల్లో ఒకనాడు చిరుతపులి మా ఎద్దును ఆ గుట్ట కిందనే చంపింది. దూడప్పటి నుంచి మా బాపు తన చేతులతో సాకిన ఎద్దు అది. ఆయనకు దుఃఖం కన్నా ముందు కోపం వచ్చింది. పత్తిచేను కోసం తెచ్చిన పురుగుల మందు డబ్బా తీసుకొని బయలుదేరిండు. మా బాపమ్మ వాకిట్లో అడ్డం నిలబడింది.

"వద్దు కొడుకా. గుట్ట మీది పక్షులు సుత తింటయి."

"పొద్దూకినంకనే పోస్తనే అవ్వా, రాత్రి పక్షులు దిగవు. తెల్లారేసరికి పులి తిని సస్తది" అన్నడు బాపు.

ఆ రాత్రి పులి రానే లేదు. మరునాడు ఎండెక్కినంక బాపు వెంట నేనూ పోయిన. ఎద్దు చుట్టూ రాబందులు పడి ఉన్నయి. కొన్ని ఇంకా రెక్కలు కొట్టుకుంటున్నయి. పైనుంచి మరికొన్ని దిగుతున్నయి. బాపు తలకు చుట్టిన రుమాలు విప్పి ఊపుకుంట, కేకలు పెట్టుకుంట వాటి మీదికి ఉరికిండు. నన్ను ఊళ్లోకి పంపి మనుషులను పిలిపించిండు. వాళ్లు గొయ్యి తవ్వి అన్నిటినీ పూడ్చేదాక ఎండలో నిలబడి పక్షులను తోలుతనే ఉన్నడు. గొంతు పోయింది. నీళ్లిస్తే తాగలేదు.

కొన్నాళ్లకు నన్ను గుట్టకు ఎదురుగా ఉన్న బండ మీదికి తీసుకపోయిండు. గుట్ట మీద ఒక అరుగున, ఈకలింకా సరిగ్గా రాని పిల్ల రాబందు మెడ చాపి ఆకాశం దిక్కు చూస్తున్నది. అక్కడికి మనిషి ఎక్కలేడు.

"దానికి తల్లి లేదు, తండ్రి లేడు. పులి మీది నా కోపం గా పిల్ల మీద పడ్డది బిడ్డా" అన్నడు బాపు.

మళ్లీ పోయినప్పుడు ఆ పిల్ల మెడ వాల్చేసి ఉంది. బాపు చాలాసేపు అక్కడే కూర్చున్నడు. ఆయన ఏడ్వగా నేను చూసింది ఆ ఒక్కసారే.

ఇప్పుడు నాకు మనుమలు, మనుమరాండ్లు. కోపం నాకూ వస్తది, కొడుకు మీద, కోడలి మీద. మాట నాలిక చివరిదాక వచ్చినంక, అది ఇంకెవరికి తగులుతుందోనని చుట్టూ చూస్త. చాలాసార్లు గడప దగ్గర ఏ పసిదో కూర్చొని మా మొఖాల దిక్కే చూస్తుంటది. ఆ మాట మింగేస్త.