మినుములు చల్లిన చెయ్యి

తెనాలి బజారులో మినుముల బస్తా కనిపిస్తే చాలు, కొనే పని లేకపోయినా లోపలికి చెయ్యి పోనిస్తాను. గింజలు అరచేతికి చల్లగా తగులుతాయి. ఆ వెంటనే మార్తమ్మగారి మీద కోపం వస్తుంది.

బాపట్ల దగ్గర క్రైస్తవ బాలికల హాస్టలుకు కొంత పొలం ఉండేది. దాన్ని ఆవిడే చూసుకునేవారు. పంతొమ్మిది వందల అరవైల చివర, మా అమ్మ పోయిన ఏడాదే, మరిగే గంజి వార్చబోయి నేను కుడిచెయ్యి కాల్చుకున్నాను. నాన్న రేపల్లె నుంచి తీసుకొచ్చి హాస్టల్లో వదిలాడు. పుండు మానింది గాని వేళ్లు లోపలికి ముడుచుకుపోయాయి. క్రిస్మస్‌కల్లా తెరుచుకోకపోతే కోసి సరిచేయాలన్నారు హాస్టలుకు వచ్చే డాక్టరుగారు. నాకు 'కోసి' అన్న మాటే వినపడింది. రోజూ లేవగానే వేళ్లు లెక్కపెట్టుకునేదాన్ని. ఆ చేతిని కదిపితే ఏమవుతుందోనని అన్నీ ఎడమచేత్తోనే చేసేదాన్ని.

మా వైపు వరి కోతకు రెండు మూడు రోజుల ముందు, నిలిచి ఉన్న చేలోనే మినుములు చల్లుతారు. కార్తీకం చివర హాస్టలు పిల్లలందరికీ అదే పని. ఒక్కో మడి కోతకొచ్చేకొద్దీ ఒక్కో రోజు చల్లేవాళ్లం. మొదటిరోజు మార్తమ్మగారు నా ఒళ్లో గింజలు పోశారు. నేను ఎడమచెయ్యి పెట్టబోయాను. ఆవిడ భుజం మీది తువ్వాలు తీసి, అందరి ముందూ ఆ చేతిని నా నడుముకు కట్టేశారు.

"నొప్పండి."

"నొప్పే. చల్లు."

పిల్లలు నవ్వారు. ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ చెప్పగలను. సాయంత్రం హాస్టలు పెద్దమ్మగారి దగ్గరికి వెళ్లి ఫిర్యాదు చేశాను.

"వేళ్లు చాపి చూపించి, అప్పుడు చెప్పవే," అన్నారావిడ.

చాపలేకపోయాను. మర్నాడు మళ్లీ తువ్వాలు, మళ్లీ చేను. ఏడుస్తూనే చల్లాను. కోతలయ్యాక మొలకలు పైకొచ్చాయి. నేను చల్లిన మొదటి మడిలో గుప్పెడు గుప్పెడు ఒకచోటే మొలిచి, మధ్యలో అంతా బోడి నేల. పిల్లలు మళ్లీ నవ్వి, గుత్తులు పీకబోయారు.

"ముట్టుకోకండే. డాక్టరుగారికి చూపించాలి," అన్నారు మార్తమ్మగారు.

క్రిస్మస్‌కు ముందు ఆయన వచ్చారు. ఆవిడ నా చెయ్యి చూపించకుండా ఆయన్ని గట్టు వెంట నడిపించారు. నేను చల్లిన రెండో మడిలో గుత్తులు తగ్గాయి. ఆఖరి మడిలో మొక్కకూ మొక్కకూ మధ్య జానెడు ఎడం. ఆయన నా అరచేతిని తన అరచేతికి ఆనించి చూసుకున్నారు.

"కోయక్కర్లేదు," అన్నారు.

కొన్నేళ్లకు ఆవిడ మంచాన పడ్డారని విని చూడటానికి వెళ్లాను. మొదట అడగాల్సిందే అడిగాను.

"అందరి ముందూ నా చెయ్యి కట్టేశారు కదండీ?"

"ఏ చెయ్యే అమ్మా?"

కట్టినదానికంటే మరిచిపోయినందుకే ఎక్కువ బాధేసింది. మంచం పక్కన కూర్చుని రెండు చేతులతో ఆవిడ కాళ్లు ఒత్తాను. ఫిర్యాదు మాత్రం వెనక్కి తీసుకోలేదు.