చొక్కా దాచిన వీపు

వీధి చివరి దర్జీ చెయ్యి తిరిగిన మనిషి. బొజ్జ ఉన్నవాడికి బొజ్జ కనబడకుండా, పీలగా ఉన్నవాడికి కాస్త ఒళ్లున్నట్టు కుట్టడంలో ఆయన తర్వాతే ఎవరైనా. ఆ పనితనమే కన్నకూతురి వెన్నెముక పాలిట శత్రువైంది. అయ్యో అనడం తప్ప ఇప్పుడెవరు మాత్రం ఏం చేస్తారు!

భార్య పోయేనాటికి పిల్లకు తొమ్మిదేళ్లు. ముందు కొట్టు, వెనక ఇల్లు. ఆయనే జడలు వేశాడు, ఆయనే వండిపెట్టాడు, బట్టలు సరేసరి. పన్నెండో ఏట పిల్ల ఉన్నట్టుండి పొడుగు సాగింది. మూడు నెలలకోసారి స్కర్టు అంచు మడత విప్పాల్సి వచ్చేది. అప్పుడే బడి చొక్కా ఎడమ భుజం దగ్గర జారడం మొదలైంది.

"సరిగ్గా నిలబడవే," అన్నాడు టేపు పట్టుకుని.

"సరిగ్గానే నిలబడ్డా కదా!"

దర్జీకి తన మీదే అనుమానం వచ్చింది. నలభై దాటాయి, చత్వారం వచ్చింది, కత్తెర పక్కకు పోయుంటుందనుకున్నాడు. చొక్కా సరిగ్గా కూర్చోకపోతే తప్పు కుట్టినవాడిది గానీ తొడుక్కున్నవాళ్లది ఎందుకవుతుంది? ఇరవై ఏళ్లుగా ఆయనకు తెలిసిందల్లా అదే. కుట్టు విప్పి, ఎడమ భుజం లోపల చిన్న గుడ్డ మడతపెట్టి మళ్లీ కుట్టాడు. చొక్కా అతికినట్టు సరిపోయింది.

పదమూడో ఏట ఆ మడత రెండు పొరలైంది, పద్నాలుగో ఏట మూడు. వీపు కుడివైపు గుడ్డ చాలడం లేదని అక్కడ కాస్త వదులు కలిపాడు. ఇన్ని మార్పులు చేసిన మనిషికి ఒక్కసారైనా ఆ పిల్ల వీపు వంక చూడాలని తోచలేదు చూడండి! నాకైతే ఒళ్లు మండిపోతుంది.

ఈలోగా పిల్లా మారిపోయింది. తాడాట మానేసింది. స్నేహితురాళ్లు పిలవడానికొస్తే తలనొప్పని చెప్పించేది. క్లాసులో వెనక బెంచీలో, గోడకు వీపు ఆనించి కూర్చునేది. జడ వద్దని జుట్టంతా వీపు మీదకు వదిలేసేది. ఏమడిగినా "ఏం లేదు" అనడం, ధడాలున తలుపు వేసుకోవడం. కొలతలకు పిలిస్తే మాత్రం నోరు మెదపకుండా వచ్చి నిలబడేది.

దర్జీ బెంగపడి పక్కింటావిడను అడిగాడు.

"వయసొచ్చే పిల్ల కదన్నయ్యా! ఆ సిగ్గుకి వంగి నడుస్తారు. మేం మాత్రం తక్కువ తిన్నామా? రెండేళ్లు పోతే అదే సర్దుకుంటుంది," అని ఆవిడ నవ్వేసింది. దర్జీ మనసు కుదుటపడింది.

పదహారో ఏట బడిలో డ్రిల్లు ప్రదర్శనకని అందరికీ ఒకే రకం చొక్కాలు కొని పంచారు. పిల్ల వేసుకోనని ఏడ్చింది. డ్రిల్లు టీచరమ్మ గదమాయించి వేయించింది. చూస్తే చొక్కా ఒక పక్కకు ఒరిగిపోయి ఉంది. టీచరమ్మకు అనుమానం వచ్చింది.

"ఏదీ, ఒకసారి ముందుకు వంగమ్మా."

పిల్ల వంగింది. కుడివైపు పక్కటెముకలు మూపురంలా పైకి లేచాయి. టీచరమ్మ వెంటనే దర్జీకి కబురు పెట్టింది.

మర్నాడు ఆస్పత్రిలో డాక్టరు ఎక్స్‌రే చూసి తలెత్తాడు. "ఎన్నాళ్లనుంచి ఇలా ఉంది?"

"నాలుగేళ్లవుతుందండీ. నా కుట్టులో తేడా అనుకున్నాను."

ఆ మాట డాక్టరుకు అర్థం కాలేదు. "ఎముక ఎదిగే రోజుల్లో తీసుకొస్తే నడుముకి బెల్టు వేసి, వంకర పెరక్కుండా ఆపడానికి చూసేవాళ్లం. ఎదుగుదల అయిపోయిందండీ. ఇక ఆపరేషనే. చేసినా పూర్తిగా నిటారవుతుందని మాటివ్వలేను," అన్నాడు.

బయట బల్ల మీద కూలబడి దర్జీ బావురుమన్నాడు. "నా చేతులు విరిగిపోను! కన్నతండ్రినై ఉండి కనుక్కోలేకపోయానే తల్లీ!"

పిల్ల ఆయన మొహంలోకి చూసింది.

"నీకు నిజంగా తెలీదా నాన్నా?"

"తెలిస్తే ఊరుకుంటానా అమ్మా?"

"నేను పన్నెండేళ్లప్పుడే అద్దంలో చూసుకున్నా. నీకు చెబుదామనుకున్నా. ఈలోపే నువ్వు భుజంలో గుడ్డ పెట్టి కుట్టేశావు. నీకు తెలుసనుకున్నా. నలుగురూ చూస్తే నీకు నామోషీ అని దాస్తున్నావేమో అనుకుని, నేనూ దాచాను."