పెద్దింట్లమ్మ ఏజెంటుగా కూర్చున్న రోజు

పెద్దింట్లమ్మకు ఊళ్లో ఎవరి పేరూ గుర్తుండదు. ఎవరు ఏ చేప కొంటారో మాత్రం చచ్చినా మరిచిపోదు. ముప్పై ఏళ్లుగా చేపల తట్ట నెత్తిన పెట్టుకుని తిరుగుతూ అందరికీ చేపల పేర్లు పెట్టేసింది. రైసుమిల్లు ఓనరు పండుగప్ప గారు, హెడ్మాస్టారు కొరమేను గారు. జిరాక్స్ షాపు నడుపుకునే నేను ఎండుమెత్తళ్ల బాబుగారిని.

అలాంటి నేను మొన్న అసెంబ్లీ ఎన్నికల్లో ఇండిపెండెంటుగా నిలబడ్డాను. ఎందుకని అడక్కండి, మా ఆవిడ ఇప్పటికీ అడుగుతూనే ఉంది. పోలింగ్ బూత్‌లో పదిమంది ఏజెంట్లని దింపుతానని బజార్లో కోతలు కోశాను. తీరా చూస్తే బూత్‌కి ఒక ఏజెంటు, మార్చుకోవడానికి మరో ఇద్దరు, లోపల మాత్రం ఎప్పుడూ ఒక్కరే అని రూలు. ముగ్గురికి మించకూడదంది చట్టం. జనం ఇంకా కఠినంగా ఉన్నారు, ఒక్కరూ రాలేదు.

మా బావమరిది దొరబాబు గవర్నమెంటు టీచరు. “గవర్నమెంటోళ్లు ఏజెంటుగా కూర్చోకూడదు బావగారూ, జైలండి!” అని ఆ రూలు మూడుసార్లు చదివి వినిపించాడు. మా పెళ్లిలో కూడా వాడి మొహం అంత వెలగలేదు.

చివరికి మా గుమ్మంలో తట్ట దించిన పెద్దింట్లమ్మే “నే కూకుంటానండి” అంది.

“వచ్చినవాళ్లు అసలు ఓటర్లేనా అని గుర్తుపట్టాలి. నీకు పేర్లే తెలీవు కదా!”

“మొకం తెలిత్తే సాలదేంటండీ?”

పోలింగ్ రోజు నేను బూత్‌కి వెళ్లేసరికి లోపల గొడవ. కువైట్‌లో పన్నెండేళ్లు ఇళ్లల్లో పనిచేసి, జబ్బుపడి సగమై తిరిగొచ్చిన రాణి ఓటుకొచ్చింది. కార్డు మీద ఫోటోలో బూరెబుగ్గలు, ఎదురుగా ఎముకల గూడు. “ఈవిడ రాణి కాదండి” అని అవతలి అభ్యర్థి ఏజెంటు ఏసురాజు అడ్డుపడ్డాడు.

“ఇక్కడ కూడా నేను కాదంటే ఇంకెక్కడి దాన్నండి?” అంది రాణి, ఏడుపు ఆపుకుంటూ.

ప్రిసైడింగ్ ఆఫీసరు పెద్దింట్లమ్మ వైపు తిరిగాడు. “ఈవిడెవరో తెలుసా అమ్మా?”

“తెలవకేం? పాలసొరండి.”

అంతా ఘొల్లున నవ్వారు. ఆ ఏజెంటు ఎవరి తాలూకో నాకు తెలియనట్టు గోడమీది పోస్టరు చదవడం మొదలుపెట్టాను.

“ఈవిడ బాలింతరాలిగా ఉన్నప్పుడు పాలు పడతాయని రోజూ పాలసొర తెచ్చేదాన్నండి” అంటూ పెద్దింట్లమ్మ రాణి వైపు తిరిగింది. “వరదొచ్చిన్నాడు ఏటైందో సెప్పవే!”

“పీకల్లోతు నీళ్లలో తట్ట నెత్తినెట్టుకుని వచ్చావు పిన్నీ. నన్ను లేవనివ్వకుండా నువ్వే ఆ సొరని ఉడకబెట్టి, పొడిపొడిగా పుట్టు చేసి తినిపించావు.”

ఏసురాజు తలదించుకున్నాడు. “మా అమ్మ కూడా ఈ మాట చెప్పేదండి. నాకు అభ్యంతరం లేదండి” అన్నాడు. రాణి వేలికి సిరా పెట్టించుకుంది.

పేర్లు నేర్చుకోవడానికి ఆవిడకి బద్ధకం అనుకున్నాను ఇన్నాళ్లూ. ఎవరికి ఎప్పుడు ఏం కావలసొచ్చిందో అంతా ఆవిడ తలలో ఉంది. నాకు నిజంగా సిగ్గేసింది.

లెక్కింపులో మా బూత్‌లో నాకు పడ్డవి రెండు ఓట్లు. ఒకటి నాది. రెండోది తనదని మా ఆవిడ ఒట్టేసింది.

“మరి నీ ఓటు ఏమైంది పెద్దింట్లమ్మా?”

“నాకు నచ్చినోళ్లకి ఏసుకున్నానండి.”

“మరి నా తరఫున పొద్దుణ్నించీ సాయంత్రం దాకా ఎందుకు కూర్చున్నావు?”

“అందరి కుర్సీల్లోనూ మనుసులుండి, మీదొక్కటీ ఖాళీగా ఉంటే మీకు సిన్నతనం కదండీ!”