పీలిక కట్టిన బీరకాయ

ముసునూరులో మా మేనత్త ఏటా మామిడితోట పక్కనే బీరపందిరి వేస్తుంది. రోజూ కాయలు కోసొచ్చి, అరుగు మీద కూలబడి, మోకాళ్లు రాసుకుంటూ ఒకటే మాట: "ఈ ఏడాదితో సరిరా. ఇక నావల్ల కాదు." అన్నిసార్లు రిటైరైన మనిషిని నేనింకెక్కడా చూడలేదు.

ఆ విత్తనం ఆమె పుట్టింటిది, బజార్లో దొరకదు. అందుకే ఒక మంచి కాయకి గుడ్డపీలిక కట్టి, తీగ మీదే ఎండనిస్తుంది. పోయినేడు కాపు అయిపోతుండగా, ఇంకా నవనవలాడుతోంది కదా అని ఆ కాయే కోసి వంటింట్లో పెట్టాను.

అత్తయ్య పీలిక వైపు చూసింది.

"ఇదే ఆఖరన్నావుగా అత్తా," అన్నాను.

"అంటే మాత్రం, నమ్మేస్తావట్రా?"

మోకాళ్లు పట్టుకుని లేచి, పందిరంతా వెతికి, కొసన మిగిలిన వేలెడు పిందెకి ఆ పీలికే కట్టింది. అది ముదిరేదాకా తీగ బతుకుతుందో లేదో మా ఇద్దరికీ తెలీదు.

మొన్న ఫోన్ చేసి, భయంభయంగా విత్తనం సంగతి అడిగాను.

"మొలిచిందిలే," అంది నీరసంగా. "ఈ ఏడాదితో సరిరా."

ఈసారి మాత్రం నేను నమ్మలేదు.