కరిచిన కుక్కకు పది రోజుల కాపలా

మొన్న లిఫ్టులో ఎదురు ఫ్లాటు అమ్మాయి పెంచుకుంటున్న కుక్కపిల్ల ఆటలో నా వేలు కొరికింది. చిన్న గీత పడింది, అంతే. ఆ అమ్మాయి మొహం మాత్రం పాలిపోయింది; వెంటనే ఫోను తీసి దాని టీకాల వివరాలన్నీ చూపించి, ఏ టీకా ఎప్పుడు వేయించిందో చదివి వినిపించి, సాయంత్రం నన్ను డాక్టరు దగ్గరకు కూడా తీసుకువెళ్ళింది. లిఫ్టు కింది అంతస్తుకు చేరేలోపలే మా ఇద్దరి భయమూ చాలావరకు తీరిపోయింది. ఇంటికి వచ్చాక మాత్రం చాలాసేపు నాంపల్లిలో మేము అద్దెకున్న ఇంటి వాకిలే కళ్ళ ముందు మెదిలింది.

ఆ వాకిట్లో జరిగిన కుక్క సంగతిని మా వారు బాగా చెప్పేవారు. ఆయన పోయి పద్నాలుగు నెలలైంది. చెప్పిన ప్రతిసారీ కుక్క పళ్ళు కొంచెం పొడుగయ్యేవి, నేను ఎక్కిన రిక్షా ఇంకొంచెం వేగంగా పరిగెత్తేది. అసలు జరిగినప్పుడు ఆయన ఊళ్ళోనే లేరని వినేవాళ్ళెవరికీ అనుమానం వచ్చేది కాదు. నాకు ఆ విద్య రాదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

మాది బందరు. యాభై ఆరులో రాష్ట్రం ఏర్పడిన కొత్తలో హైదరాబాదు వచ్చాం. మా వారు ఇరిగేషనులో ఓవర్సీరు, నెలలో ఇరవై రోజులు క్యాంపుల్లోనే ఉండేవారు. నాకు ఆబిడ్స్ దగ్గర ట్రంకు ఎక్స్ఛేంజిలో ఉద్యోగం. ఊరు దాటి మాట్లాడాలంటే ట్రంకు కాల్ బుక్ చేసి గంటలకొద్దీ కాచుకోవలసిన రోజులవి అని నా వయసు వాళ్ళకు చెప్పనక్కర్లేదు. అలా కాచుకునేవాళ్ళ తొందరా, విసుగూ, ఒక్కోసారి ఏడుపూ అన్నీ మా చెవుల్లోనే పడేవి. తలకు హెడ్‌సెట్టు, ఎదురుగా తీగల వరసలు, వెనక నడుస్తూ సూపర్వైజరు. మంచినీళ్ళకు లేవాలన్నా చెయ్యెత్తి, మన సీట్లోకి ఇంకొకరు వచ్చాకే లేవాలి. పొద్దున ఏడు నుంచి పదకొండు దాకా, మళ్ళీ మధ్యాహ్నం రెండు నుంచి ఆరు దాకా డ్యూటీ. రోజంతా ఎవరెవరి మాటలనో కలిపి, ఇంటికొచ్చి తాళం తీస్తే నాతో మాట్లాడే ప్రాణి ఉండేది కాదు.

అప్పటి మా సూపర్వైజరు ఒక ఆంగ్లో ఇండియన్ ఆవిడ. రిటైరై విదేశంలో ఉన్న చెల్లెలి దగ్గరకు వెళ్ళిపోతూ, తన చిన్న కుక్కను ఎవరైనా తీసుకుంటారా అని ఆ చివరి వారం మా వరసంతా అడిగింది. అందరూ తమ తమ బోర్డుల వైపు చూశారు. నేను నీళ్ళకు లేవడానికి ఎత్తినట్టే చెయ్యి ఎత్తాను. ఎందుకెత్తానో ఆ క్షణంలో నాకే తెలియదు.

దాని పేరు టైనీ. తెల్లటి బొచ్చుతో, పిల్లికంటే కొంచెం పెద్దదిగా ఉండేది. దానికి ఇంగ్లీషు తప్ప మరో భాష రాదు. సిట్ అంటే కూర్చునేది, రా అంటే మొహంలోకి చూస్తూ ఉండిపోయేది.

మా ఇంటావిడది హైదరాబాదులో తరాలుగా ఉన్న కుటుంబం. భర్త లేడు, కొడుకు నాంపల్లి కోర్టులో గుమాస్తా. పూజా, శుభ్రతా పట్టింపులు ఎక్కువైనా మనిషి మంచిదే. కుక్కను చూడగానే ఆవిడ అన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. "ఇల్లు నీకు కిరాయికిచ్చిన బిడ్డా, కుక్కకియ్యలే." నేను బతిమాలగా బతిమాలగా వాకిట్లో కొళాయి దాకా దానికి హద్దు పెట్టి, అది దాటితే ఇద్దర్నీ ఖాళీ చేయిస్తానని ఒప్పుకుంది.

ఏడాదికి పైగా ఆ హద్దు నిలిచింది. తర్వాతి వేసవిలో, పరీక్ష ఫలితాల రద్దీకి మా సెలవులన్నీ రద్దయిన వారంలో, ఒక పొద్దున ఆలస్యమైపోయి తలుపు సరిగా వేయకుండానే పరిగెత్తాను. పదకొండున్నరకు తిరిగి వచ్చేసరికి ఇంటావిడ గడప మీద కాలు చాపుకుని కూర్చుని ఉంది. నులకమంచం మీద మిరపకాయలు ఎండబోస్తూ వెనక్కి అడుగేసిందట, ఆ అడుగు హద్దు దాటివచ్చిన టైనీ తోక మీద పడిందట. అది మడమ పైన కరిచింది. గాటు మీద కారం అద్దుకుని, ఆ మంటకు కారుతున్న కళ్ళ నీళ్ళు తుడుచుకుంటోంది. కొడుకే అందుకుని మునిసిపాలిటీ మాట ఎత్తాడు. "అక్కా, దీన్ని బల్దియావాళ్ళకు పట్టియ్యి. లేకుంటె నేనే పట్టిస్త."

ముగ్గురం రిక్షాల్లో దవాఖానకు వెళ్ళాం. పెద్ద డాక్టరు ముందుగా ఆ కారమంతా సబ్బుతో కడిగించి చీవాట్లు పెట్టాడు. కుక్కకు టీకా వేయించారా అని అడిగితే, ఎప్పుడో వేయించానని పాత సూపర్వైజరు దొరసాని చెప్పిందే తప్ప నా దగ్గర కాగితం లేదు. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు పొడవాలన్న మాట వినగానే ఇంటావిడ కుర్చీలోంచి లేచి నిలబడింది. డాక్టరు ఆమెను కూర్చోబెట్టి, తెలిసిన కుక్క, ఇప్పటికి ఆరోగ్యంగానే ఉంది గనుక పది రోజులు కట్టేసి గమనించమన్నాడు. అది జబ్బుపడినా, చచ్చినా, కనబడకుండా పోయినా, నీళ్ళు ముట్టడం మానేసినా ఆ గంటలోనే రావాలన్నాడు. మరి చంపించేస్తే పోదా అని కొడుకు అడిగాడు. "సంపితె పిచ్చి ఉన్నదో లేదో నీకు తెల్సుడెట్ల? గీ పది రోజులు దాని పానం, మీ అమ్మ పానం ఒక్కటే అనుకో" అన్నాడు డాక్టరు.

మధ్యాహ్నం డ్యూటీకి వెళ్ళగానే సెలవు అడిగాను. కొత్త సూపర్వైజరు, కుక్క కరిచింది నిన్నా అని అడిగి, కాదనగానే కాగితం తిరిగి ఇచ్చేసింది. సాయంత్రం నా మొహం చూసి ఇంటావిడే ఆ సంగతి గ్రహించింది. "నువ్వు డ్యూటీకి పోతవ్, మావోడు కచేరీకి పోతడు. గింక దీన్నెవలు జూస్తరు? కర్వనీకి నేనే, కాపలకు నేనే!" అని గొలుసు నా చేతిలోంచి లాక్కుని టైనీని తన వరండా స్తంభానికి కట్టేసింది. కొళాయి హద్దు దానంతట అదే పోయింది. కుర్చీలోంచి కుక్క కనబడాలి కదా.

గోడ మీద బొగ్గుతో రోజుకొక గీత గీసింది. నేను పొద్దునా మధ్యాహ్నమూ వెళ్ళేముందూ, వచ్చాకా, అది ఎంత తిన్నది, ఎన్నిసార్లు నీళ్ళు తాగింది, ఎన్నిసార్లు మొరిగింది అంతా నాకు అప్పజెప్పేది. దానికి తెలుగు రాదంటే నమ్మక, నమ్మిన తర్వాత కోప్పడి, చివరకు నా దగ్గర రెండు ఇంగ్లీషు ముక్కలు నేర్చుకుంది. అయిదోరోజుకు ఆ అవసరమే లేకపోయింది. ఆవిడ కూసో అంటే టైనీ కూర్చుంటోంది.

బయటికి ఇలా నవ్వులాటగా ఉన్నా, బోర్డు ముందు కూర్చుంటే నా మనసంతా ఆ వరండాలోనే ఉండేది. తలుపు వేయకుండా వెళ్ళింది నేను. ఆ జబ్బు వచ్చిన మనిషికి మందు లేదని నేను చదివి ఉన్నాను; ఇంటావిడ చదవలేదు, నేను చెప్పలేదు. ఒకరోజు బెజవాడ వాళ్ళను తీసుకెళ్ళి గుల్బర్గాకు కలిపాను. క్యాంపులో ఉన్న మా వారికి ఉత్తరం రాయడానికి కూర్చుని, ఎండలు బాగా ఉన్నాయని మాత్రం రాసి పోస్టు చేశాను.

ఎనిమిదోరోజు మధ్యాహ్నం మూడు దాటాక, నాలుగు సీట్ల అవతలి అమ్మాయి పక్కమ్మాయి చెవిలో ఏదో చెప్పింది. ఆ మాట సీటు సీటూ దాటుకుంటూ నా దగ్గరకు వచ్చింది. మీ కుక్క నీళ్ళు తాగడంలేదట. ఇంటావిడ కొడుకు మందుల దుకాణం నుంచి ట్రంకు బుకింగుకు ఫోను చేసి, ఊరూ నంబరూ చెప్పమంటే ఈ ముక్క చెప్పాడట. నేను చెయ్యెత్తాను. సూపర్వైజరు వస్తే అబద్ధం అల్లడానికి తోచక ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆవిడ నా తలమీద హెడ్‌సెట్టు తీసి తన తలకు పెట్టుకుని, నా సీట్లో కూర్చుని, వెళ్ళమన్నట్టు చెయ్యి ఊపింది. వారం కింద సెలవివ్వని మనిషే.

ఆబిడ్స్ నుంచి నాంపల్లికి రిక్షాలో ఎంతసేపు పడుతుంది? ఆ దారంతా నేను పద్నాలుగు సూదులు లెక్కపెట్టుకుంటూ, ఎనిమిది రోజులు ఆలస్యమైన సూదులు పనిచేస్తాయా అని నన్ను నేనే అడుగుతూ వెళ్ళాను. ఇంట్లో ఇంటావిడ మంచి చీర కట్టుకుని, సంచీ పక్కన పెట్టుకుని, దవాఖానకు సిద్ధమై కూర్చుంది. కొడుకు అటూ ఇటూ తిరుగుతున్నాడు. టైనీ గిన్నెకు ఎంత దూరం జరగగలదో అంత దూరం జరిగి, నాలుక చాపి వగరుస్తోంది. పొద్దుటినుంచి గిన్నె దగ్గరకు రావడం, మూతి ముడుచుకుని పోవడం, ఇదే పని అట.

నేను గిన్నె వంక చూశాను. నీళ్ళు గులాబి రంగులో ఉన్నాయి. ఎత్తి వాసన చూశాను.

"పిన్నిగారూ, ఇందులో ఏం కలిపారు?"

"బాయిల ఏస్తం గద, గా మందే. దాని నోట్ల ఏమన్న జబ్బుంటె సాఫ్ అయితదని పొద్దుగాల జరంత ఏసిన."

బావినీళ్ళు శుభ్రపడటానికి వేసే పొటాషియం పర్మాంగనేటు అది. ఆ జరంత ఎంతో గాని, అరబావికి సరిపోయేటట్టుంది. గిన్నె పారబోసి, రెండుసార్లు తోమి, మా కుండలో నీళ్ళు పోసి పెట్టాను. టైనీ గిన్నె ఖాళీ చేసింది. మళ్ళీ పోశాను, అదీ తాగింది. నేను కొళాయి గట్టుమీద కూర్చున్నాను. ఇంటావిడ ముందు నవ్వింది, ఆ తర్వాత నన్నూ కుక్కనూ కలిపి తిట్టింది. "నీ కుక్క సల్లగుండ! ఒంటిపూట నా పానం తీసింది గదనే!" కొడుకు తల్లిని చూసి, "అమ్మా, నువ్వే జర ఆ మందు తాగు, సాఫ్ అయితవ్" అన్నాడు. సంచీ విసిరి కొట్టింది.

ఇంకా రెండు గీతలు మిగిలే ఉన్నాయి. అవీ పడ్డాయి. పదకొండో రోజు పొద్దున డాక్టరు కాలు చూసి ఇక రానక్కర్లేదన్నాడు. ఆవిడ రొట్టెలూ బెల్లమూ నలిపి మలీద చేసి, మొదటి ముద్ద దేవుడికి, రెండోది టైనీకి పెట్టి, ఆ తర్వాతే మాకు పెట్టింది. గొలుసు విప్పాక కూడా అది మా వైపు రాలేదు.

రెండేళ్ళ తర్వాత మాకు దూరంగా క్వార్టర్సు ఇచ్చారు. సామాను సర్దిన రోజు ఇంటావిడ, నీ కుక్కనే గద తీస్కపో అంటూనే దాన్ని ఒళ్ళోంచి దించలేదు. ఉంచుకోండి అన్నాను. నిజం చెప్పాలంటే నాకు బాధకంటే నిశ్చింతే ఎక్కువ కలిగింది. నా ఉద్యోగానికి ఒక ప్రాణిని పెంచే తీరిక లేదని, మొదటి రోజునుంచీ దాన్ని ఎవరో ఒకరు నా బదులు చూస్తూనే ఉన్నారని నాకు అప్పటికి అర్థమైంది. చాలా ఏళ్ళు బతికిందది. పోయినప్పుడు కార్డు రాసింది బల్దియాకు పట్టిస్తానన్న ఆ కొడుకే. ఇంటావిడ పోయిన కబురు కూడా అతనే రాశాడు.

నా ఉద్యోగం నేనే ఒంటిచేత్తో నెట్టుకొచ్చానని చాలాకాలం అనుకునేదాన్ని. ఇప్పుడు అలా అనుకోను. ఈ రోజుల్లో ఆఫీసులకు వెళ్ళే అమ్మాయిలకు కుక్కలను చూసిపెట్టే ఇళ్ళున్నాయట, మనుషులున్నారట. మంచిదే, నాలాగా వణకనక్కర్లేదు. ఇష్టపడి చూసుకునేవాళ్ళు నాకు ఆ తర్వాత కూడా దొరికారు, వాళ్ళలో అందరికంటే ఎక్కువగా చూసుకున్న మనిషి నిరుడే వెళ్ళిపోయారు. ఇష్టం లేదని మొహానే చెప్పి, తిట్టి, కరిపించుకుని, అయినా కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నవాళ్ళు మాత్రం మళ్ళీ దొరకలేదు.